కాళ్లు వస్తేనే చెప్పులు

జలపాతానికి అరమైలు దూరంలో పదకొండేళ్లు కూర్చుని కూడా దాన్ని రెండుసార్లే చూసిన మనిషి ఉందంటే ఎవరూ నమ్మరు. ఆమే చెప్పులక్క. అది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, లాంచీ వాళ్లు పెట్టిన పేరు. అసలు పేరేమిటని ఎవరైనా అడిగితే, "అది ఇంట్లో కాగితాల మధ్య పడుకుంది, లేపకండి" అనేది.

తీరానికి గంటన్నర ప్రయాణంలో సముద్రం మీద ఆరు చిన్న దీవులున్నాయి. జలపాతం ఉన్నది అన్నిటికన్నా చివరి దీవిలో. కొండ నెత్తి మీంచి నీళ్లు మూడు మెట్లుగా దూకి, కింద మడుగులో పడి, అక్కడినుంచి వాగై సముద్రంలో కలుస్తాయి. చూడడానికి వచ్చేవాళ్లు పొద్దున్నే లాంచీలో వచ్చి, మధ్యాహ్నం తిరిగిపోవలసిందే. ఆ దీవిలో ఉండడానికి ఇల్లూ వాకిలీ ఏమీ లేవు. అడవి కాపలావాళ్ల గుడిసె ఒకటి ఉంది గాని అది అవతలి కొనన, రెండు గంటల నడక.

రేవు దగ్గర రేకుల పాక చెప్పులక్కది. జలపాతం దారంతా పాచిబండలు. చెప్పులతో ఎక్కి జారిపడ్డవాళ్లు ఎక్కువైనందువల్ల, అందరూ చెప్పులు ఇక్కడే విడిచి ఒట్టి కాళ్లతో వెళ్లాలని నియమం పెట్టారు. పాకలో ఆరు వరసల చెక్క గూళ్లున్నాయి. చీటీలు లేవు, నంబర్లు లేవు. ఆమెకు మొహాలు గుర్తుండేవి కావు, కాళ్లు గుర్తుండేవి. బొటనవేలు వంకరగా ఉన్న పాదం, మడమ పగిలిన పాదం, ఎప్పుడో కాలిన మచ్చ ఉన్న పాదం. మనిషి గుమ్మంలో నిలబడగానే, తల ఎత్తకుండానే, ఆ జత తీసి ముందుకు తిప్పి పెట్టేది. కాలు పెడితే చాలు, దూరిపోయేలాగ. తడిసిన బూట్లుంటే ఎండ పడేచోట బోర్లించేది. ఎవరి కాల్లోనైనా ముల్లు దిగితే తనే తీసేది. పొద్దున్న పాక తలుపు తీసేటప్పుడు మాత్రం ఒక్క నిమిషం కళ్లు మూసుకుని, "దేవుడా, ఈ రోజు వచ్చిన కాళ్లన్నీ ఇల్లు చేరాలి" అనుకునేది. అంతకన్నా పెద్ద కోరిక ఆమె దేవుణ్ణి ఎన్నడూ అడిగినట్టు లేదు.

ఆమె భర్త ఊళ్లో మంగలి. దుకాణానికి వచ్చినవాళ్లతో, "తలలు నేను చూసుకుంటాను, కాళ్లు మా ఆవిడ చూసుకుంటుంది. మధ్యలోదంతా డాక్టర్లకి వదిలేశాం" అనేవాడు.

లాంచీ ఆమె మాట మీద కదలడం కూడా ఆ కాళ్లవల్ల వచ్చిందే. మొదట్లో ఒక గుమస్తా ప్రయాణికుల తలలు లెక్కపెట్టేవాడు. ఏ రోజూ సరిగ్గా వచ్చేది కాదు. పిల్లలు పరుగెత్తేవారు, పెద్దలు కిందనుంచి పై అంతస్తుకు మారేవారు, ఒకే మనిషిని రెండుసార్లు లెక్కేసేవాడు. అది చూసి చెప్పులక్కే ఒకనాడు లాంచీ నడిపే సరంగుతో అంది: తలలు తిరుగుతుంటాయి తమ్ముడూ, చెప్పులు కదలవు, గూట్లో జత ఉందంటే మనిషి కొండమీద ఉన్నట్టే. ఆ రోజునుంచి సరంగు ఆమె వైపు చూడడం, ఆమె "గూళ్లు ఖాళీ" అనడం, అతను లంగరు ఎత్తించడం. పదకొండేళ్లలో ఆ మాట ఒక్కసారీ తప్పలేదు. తప్పకపోవడానికి ఒకటే కారణం. ఒకరి చెప్పులు ఇంకొకరికి ఇచ్చేది కాదు. మొగుడి చెప్పులు పెళ్లాం అడిగినా, బిడ్డవి తల్లి అడిగినా, ఆమె జవాబు ఒకటే: "కాళ్లు వస్తేనే చెప్పులు."

ఆ రోజు లాంచీలో ముప్ఫై ఎనిమిది మంది వచ్చారు. వాళ్లలో ఒక పెద్దావిడ, ఆమె కొడుకు, కోడలు ఉన్నారు. పెద్దావిడకు డెబ్బై దాటి ఉంటాయి. కుడికాలి రెండోవేలు బొటనవేలి మీదకి ఎక్కి ఉంది. తోలుచెప్పులు, వెనక పట్టీ నల్లదారంతో కుట్టి ఉంది. అవి విడుస్తూ ఆవిడ, "చూస్తావుగా తల్లీ, పాతవే గాని నా కాలు వీటికే అలవాటు" అంది. కోడలు వంగి పట్టీ విప్పబోతే, "నాకు చేతులు లేవా ఏం?" అని కసిరింది. కోడలు నవ్వి ఊరుకుంది. అలవాటైన కసురు అని చెప్పులక్కకు తెలిసిపోయింది.

రెండున్నరకల్లా కొండమీద మబ్బు కమ్మింది. రేవు దగ్గర ఎండే ఉంది గాని కొండ నెత్తి కనబడడం లేదు. సరంగు పైకి చూసి, రోజుకన్నా అరగంట ముందే మొదటి కూత వేశాడు. అతని తొందరకు కారణం వానొక్కటే కాదు. దీవికీ తీరానికీ మధ్య రెండు రాతిగుట్టల నడుమ సన్నని దారి ఉంది, ఇరుకు అంటారు. ఆటు మొదలై నీళ్లు దిగితే అందులో రాళ్లు పైకి తేలతాయి. ఆ రోజు నాలుగింటికి ఇరుకు మూసుకుంటుంది. మళ్లీ ఏడింటికి గాని తెరుచుకోదు.

కూత విని మనుషులు దిగడం మొదలుపెట్టారు. వాళ్లకు ఎదురుగా, వగరుస్తూ కోడలు పాకలోకి వచ్చింది. అత్తగారి అరికాలు రాయి కోసుకుందని, గుడ్డ కట్టానని, ఒట్టి కాలు మోపలేకపోతోందని చెప్పింది.

"ఆ చెప్పులిస్తే తొడిగి, చెయ్యి పట్టుకుని దింపుకొస్తానక్కా. అక్కడే కూర్చోమని చెప్పొచ్చాను."

చెప్పులక్క చెయ్యి గూటిదాకా వెళ్లి ఆగింది. కోడలి మోచేతులకు బురద, కళ్లలో భయం. కసిరిన అత్త కోసం ఒట్టి కాళ్లతో బండలన్నీ దిగివచ్చి, మళ్లీ ఎక్కబోతున్న పిల్ల. ఆ పిల్లతో నియమం మాట్లాడడానికి నోరు రాలేదు. చెప్పులు తీసి ఇచ్చింది. "ఆవిడ కాళ్లు నేను చూస్తే గాని లాంచీ కదలదు" అని మనసులో గట్టిగానే అనుకుంది.

ఆ తరవాత వాన దిగింది. ముప్ఫై మంది ఒక్కసారిగా పాకలోకి తోసుకొచ్చారు. తల తుడుచుకునేవాళ్లు, పిల్లల్ని ఎత్తుకునేవాళ్లు, నావి నావి అంటూ చేతులు చాచేవాళ్లు. ఆ తొక్కిడిలో ఆమెకు కాళ్లు తప్ప ఇంకేమీ కనబడలేదు. ఒక్కో జతా ఇచ్చుకుంటూ వచ్చింది. చివరి జత ఇచ్చి చూస్తే ఆరు వరసలూ బోసిగా ఉన్నాయి. వానలోంచి సరంగు గొంతు వినబడింది.

"ఏమంటావక్కా?"

"గూళ్లు ఖాళీ."

పదకొండేళ్ల అలవాటు ఆమె కన్నా ముందు పలికింది.

ఆమె కూడా రోజూ అదే లాంచీలో ఇంటికి వెళుతుంది. కింది అంతస్తులో తలుపు పక్క చిన్న బల్ల ఆమెది. కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుని, మామూలుగా ఎదుటి వరస కాళ్లు చూసింది. కోడలి కాళ్లు కనబడ్డాయి, బురద ఇంకా ఆరలేదు. వాటి పక్కన ఉండవలసిన కాళ్లు లేవు. ఆ వరస చివరిదాకా చూసింది. వెనక వరస చూసింది. లేచి ఇంజను గదిదాకా నడిచి చూసింది. బొటనవేలి మీదకి ఎక్కిన రెండోవేలు ఎక్కడా లేదు.

అత్తగారెక్కడని అడిగితే, పైన ఆయన దగ్గర ఉన్నారంది కోడలు. చెప్పులు పట్టుకుని సగం దూరం ఎక్కేసరికి భర్త ఎదురొచ్చాడట. అమ్మ ఎప్పుడో అందరితో దిగిపోయింది, నీలం గొడుగు కింద నేను చూశాను, పద, కూత వేశారు అన్నాడట. అందుకని వెనక్కి తిరిగి వచ్చేసింది. చెప్పులు ఇంకా ఆమె సంచిలోనే ఉన్నాయి.

"పైకి ఆ నిచ్చెన ఎలా ఎక్కారమ్మా, అరికాలు కోసుకున్న మనిషి?"

కోడలు చేతిలోని సంచివైపు చూసుకుంది.

చెప్పులక్క నిచ్చెన ఎక్కింది. పై అంతస్తులో కొడుకు స్నేహితులతో కూర్చుని ఉన్నాడు. అమ్మేదని అడగగానే, "కింద మా ఆవిడ దగ్గర" అన్నాడు. అంటూనే చెప్పులక్క మొహం చూసి లేచి నిలబడ్డాడు. పక్క బల్ల మీద నీలం గొడుగు ఉంది. దాని కింద ఇంకెవరి తల్లో కూర్చుని బత్తాయి ఒలుచుకుంటోంది.

చెప్పులక్క వెనక్కి తిరిగి కొండవైపు చూసింది. కొండమీద వాన పడి అప్పటికే ముప్పావు గంట. జలపాతం మడుగు దగ్గర వాగు దాటడానికి ఏడు రాళ్లు వేసి ఉన్నాయి. పైన వాన పడితే గంటలో ఆ రాళ్లు మునుగుతాయి. ఆవిడ ఇవతల కూర్చుందో, అవతల కూర్చుందో తెలియదు.

సరంగు చక్రం పట్టుకుని ఇరుకువైపే చూస్తున్నాడు. ఇంకో పది నిమిషాల్లో అందులో దూరాలి. ఆమె చెప్పింది విని మొదట తల కూడా తిప్పలేదు.

"గూళ్లు ఖాళీ అన్నావు గదక్కా."

"అన్నాను. తప్పు చెప్పాను. కాళ్లు రాకుండా చెప్పులిచ్చాను."

అప్పుడు తిరిగి చూశాడు. చేతికింద ఉన్న వైర్‌లెస్ తీసి తీరంతో మాట్లాడాడు. ఆటులో ఏ పడవా ఇరుకు దాటి రాలేదని, ఏడు దాటాక పంపిస్తామని వాళ్లన్నారు. కాపలావాళ్ల గుడిసె పలకలేదు. ఈలోగా కొడుకు దిగివచ్చి సరంగు చెయ్యి పట్టుకున్నాడు. వెనకనుంచి నలుగురు గొణగడం మొదలుపెట్టారు. ఆరింటి బస్సు అందుకోవలసిన ఒక పెద్దమనిషి, చిన్నపిల్లలున్నారు, గాలి లేస్తోంది, ముప్ఫై ఏడు మందిని ప్రమాదంలో పెడతారా, ఆవిడ ఎక్కడో చెట్టుకింద కూర్చునే ఉంటుంది అన్నాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని కూడా అన్నాడు. ఆయన చెడ్డవాడు కాడు. భయపడ్డ మనిషి.

సరంగు అవన్నీ విన్నాడు.

"వెనక్కి తిప్పితే ఏడుదాకా రేవులోనే. తెలుసుగా?"

"తెలుసు."

"వీళ్లందరికీ నువ్వే చెప్పుకో. నేను చెప్పలేను." అని చక్రం తిప్పాడు.

లాంచీ ఒక పక్కకి ఒరిగింది. పిల్లలు ఏడ్చారు. చెప్పులక్క నిచ్చెన మొదట్లో నిలబడి, పైవాళ్లకూ కిందవాళ్లకూ వినబడేలా, తప్పు తనదేనని, ఆవిడ ఇంకా కొండమీదే ఉందని, తన మాట నమ్మి బయల్దేరినందుకే ఇలా అయిందని, క్షమించమని చెప్పింది. కోడలు కింద కూర్చుని, సంచిని రెండు చేతులా గుండెలకు అదుముకుని ఊగుతోంది.

రేవులో దిగింది నలుగురు: చెప్పులక్క, కొడుకు, కోడలు, మోకు భుజాన వేసుకున్న ఇంజను మనిషి. సరంగు లాంచీని వదలకూడదు. ఇంజను మనిషి ఒళ్లు బరువు, మాట తక్కువ. "పదండి" అన్నాడంతే.

అరమైలు దారి. బండల మీద నీళ్లు పాయలు కట్టి దిగుతున్నాయి. చెప్పులక్కకు ఎక్కడం అలవాటు లేదు. ఎదుటి మనిషి మడమలు చూసుకుంటూ, దేవుడి పేరు తలుచుకుంటూ, చేతులతో రాళ్లు పట్టుకుని ఎక్కింది. రెండుసార్లు మోకాళ్ల మీద పడింది. కోడలే తిరిగివచ్చి లేపింది. మూడో మలుపు దగ్గరకే హోరు వినబడింది. పొద్దున్న పైకెళ్లినవాళ్లు జలపాతం పాట పాడుతోందని చెప్పుకుంటూ దిగేవారు. ఇప్పుడది పాటలా లేదు.

చివరి మలుపు తిరగగానే నలుగురూ ఆగిపోయారు. తెల్లగా దూకే నీళ్లు ఎర్రమట్టి రంగులో దూకుతున్నాయి. వాగులో ఏడు రాళ్లకు మూడే తేలి ఉన్నాయి. అవతలి గట్టున, కొండ ముందుకు వాలి చూరులాగ ఉన్నచోట, ఒక చదును బండ మీద పెద్దావిడ కూర్చుని ఉంది. మోకాళ్లు దగ్గరకు ముడుచుకుంది. నీళ్లు ఆ బండ అంచును నాకుతున్నాయి. ఆవిడ వెనక నిలువు కొండ. పోవడానికి దారి లేదు.

కొడుకు అమ్మా అని అరిచాడు. హోరులో ఆ అరుపు ఎవరికీ వినబడలేదు. ఆవిడ మాత్రం వీళ్లని చూసి చెయ్యెత్తింది.

కొడుకు నీళ్లలోకి దూకబోతే ఇంజను మనిషి మెడ పట్టి వెనక్కి లాగాడు. మోకు ఒక కొస చెట్టుకు కట్టాడు, రెండో కొస తన నడుముకు చుట్టుకున్నాడు. చెట్టు దూరం కావడంవల్ల మోకు చాలదేమో అనిపించింది. రాళ్లు ఎక్కడున్నాయో కనబడడం లేదు. మొదటి రెండు తేలి ఉన్నాయి, అవతల గట్టు దగ్గర ఏడోది తేలి ఉంది. మధ్య నాలుగూ నీళ్లకిందే.

చెప్పులక్క ఈ రాళ్ల మీద ఎప్పుడూ నడవలేదు. అయినా ఆమెకు ఇవి తెలుసు. పదకొండేళ్లుగా దిగివచ్చిన ప్రతి మనిషీ, చెప్పులు తొడుక్కుంటూ, ఏదో ఒక రాయిని తిట్టిపోసేవాడు. మూడోది ఎడంపక్కకి ఉందండీ. అయిదోది వెడల్పు, దాని మీద నిలబడి ఫొటో తీసుకున్నాం. అన్నిటికన్నా ఎక్కువమంది చెప్పింది ఒకటే ఫిర్యాదు. ఆమె ఇంజను మనిషి చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది.

"నాలుగో రాయి తొక్కకు. ఊగుతుంది. మూడోది ఎడమకి ఉంటుంది. దాన్నుంచి ఒక్కంగలో అయిదోదానికి వెళ్లు. అది వెడల్పు."

అతను తల ఊపి దిగాడు. రెండో రాయి దాటాక మోకాలిదాకా నీళ్లు. ఎడమకి కాలు చాచి తడిమాడు. దొరికింది. నడుందాకా నీళ్లు. అక్కడ ఆగాడు. ఒక కొమ్మ కొట్టుకొచ్చి అతని తొడకు తగిలి తిరిగిపోయింది. చెప్పులక్క కళ్లు మూసుకోలేదు. మోకు బిగుసుకుపోయింది, ఇంకో బారెడు కావాలి. ఆమె, కొడుకు, కోడలు ముగ్గురూ చెట్టు దగ్గర ముడి విప్పి, మోకు చేతులకు చుట్టుకుని, తొడల్లోతు నీళ్లలోకి దిగి నిలబడ్డారు. ఇప్పుడు చెట్టు లేదు, వీళ్లే చెట్టు. ఇంజను మనిషి అంగ వేశాడు. ముగ్గురూ ముందుకు తూలారు. కోడలి కాలు జారింది. చెప్పులక్క చేతికి కోడలి జడ దొరికింది, గట్టిగా పట్టుకుంది. మోకు మళ్లీ బిగిసింది. అతను అయిదో రాయి మీద నిలబడి ఉన్నాడు.

అక్కడినుంచి ఎంతసేపు పట్టిందో తరవాత ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. పెద్దావిడ అతని వీపు మీదకి చిన్నపిల్లలాగ ఎక్కింది, మెడచుట్టూ చేతులు వేసింది. తిరిగి వచ్చేటప్పుడు రెండో రాయి కూడా మునిగిపోయింది. అతను ఇవతలి గట్టున మోకాళ్ల మీద పడ్డాక, ఆవిణ్ణి దించడానికి ముగ్గురూ కలిసి ఆవిడ చేతివేళ్లు ఒక్కొక్కటిగా విడదీయవలసివచ్చింది.

అందరికీ ఊపిరి వచ్చేసరికి కొడుక్కి కోపం కూడా వచ్చింది. అది అతని మీద అతనికే రావలసిన కోపం. పెళ్లాం మీద పడ్డాడు. అమ్మని అక్కడ వదిలేసి ఎలా వచ్చావు, అసలు చూసుకోనక్కరలేదా అన్నాడు. కోడలు తల వంచుకుంది. నీలం గొడుగు మాట ఎత్తనే లేదు.

పెద్దావిడ పళ్లు టకటకలాడుతున్నాయి. అయినా చెయ్యెత్తి కొడుకుని ఆపింది. నీళ్లు పెరగకముందే ఎవరో ఇద్దరు వచ్చి చెయ్యి ఇస్తామన్నారట. కోడలొచ్చి చూసుకుంటే కంగారు పడుతుందని తనే రానందట. కోడలి వైపు తిరిగింది.

"నువ్వు ఇంట్లో అడుగుపెట్టి పద్నాలుగేళ్లు. ఏనాడైనా నీ మాట విన్నానా?"

"లేదత్తయ్యా."

"ఇవాళ ఒక్కరోజు కూర్చోమన్నావని కూర్చున్నాను. చూడు ఏమైందో."

ఇంజను మనిషి ముందు నవ్వాడు. ఆ వెనక కోడలు నవ్వబోయి, అత్తగారి ఒళ్లో తల పెట్టి బావురుమంది. ఆవిడ తడిచేత్తో ఆ తల నిమురుతూ, "ఊరుకోవే, బతికే ఉన్నానుగా, ఇంకా కసరడానికి ఓపిక ఉందిలే" అంది.

వంతులవారీగా మోసుకుని రేవుకు దింపేసరికి నాలుగున్నర దాటింది. ఇరుకు మూసుకుపోయింది. సరంగు గాలి తగలని పక్కకి లాంచీని జరిపి లంగరు వేసి ఉంచాడు. లోపల గొణుగుడు లేదు. ఆరింటి బస్సు పెద్దమనిషి తన కోటు విప్పి బల్లమీద పరిచి, ఆ పక్కనే నేలమీద కూర్చున్నాడు. ఎవరో పొడి బట్టలిచ్చారు. ఎవరో ఫ్లాస్కులో మిగిలిన టీ పోశారు. బత్తాయి ఒలిచిన తల్లి తన నీలం గొడుగువైపు, అదే నేరం చేసినట్టు చూస్తూ, తొనలు తెచ్చి పెద్దావిడ నోట్లో పెట్టింది.

చెప్పులక్క సరంగు దగ్గరకు వెళ్లి, రేపటినుంచి ఆ మాట తను చెప్పనంది. చెప్పులు చూసుకుంటాను, లెక్క ఇంకెవరికైనా అప్పగించు అంది. సరంగు తల అడ్డంగా ఊపాడు.

"ఎవరికి? ఆ గుమస్తాకా? వాడు ఒకరోజు నన్ను కూడా ప్రయాణికుల్లో లెక్కేశాడు."

ఆమె నవ్వలేదు. వెనక్కి వచ్చి పెద్దావిడ కాళ్ల దగ్గర కూర్చుంది. తడిసిన గుడ్డ విప్పి, అరికాలి గాయం వేడినీళ్లతో కడిగి, పొడి గుడ్డ చుట్టింది. ఆవిడ అప్పటికే కోడలి ఒళ్లో తల పెట్టి నిద్రపోయింది. వణుకు తగ్గింది. రెండు పాదాలనూ తన ఒళ్లో పెట్టుకుని, అరచేతులతో రాస్తూ చెప్పులక్క అలాగే ఉండిపోయింది.

ఏడు కావస్తుండగా నీళ్లు ఎక్కాయి. సరంగు దీపం పట్టుకుని తలుపు దగ్గరకొచ్చాడు.

"ఏమంటావక్కా?"

ఆమె లేవబోయింది. ఒళ్లోని పాదాలు కదిలాయి. మళ్లీ కూర్చుంది.

"ఈ రెండూ నా దగ్గరున్నాయి. తక్కినవి నువ్వు చూడు."

సరంగు దీపం కిందికి దించి, నడుం వంచి, మొదటి బల్లనుంచి ఒక్కొక్కరి కాళ్లే చూసుకుంటూ నడిచాడు.